ఎక్కువమంది అడిగిందే ముఖ్యమైనదా?

మీ ఊళ్ళో సంత జరిగేరోజున ఎప్పుడైనా గమనించారా? అనుభవమున్న కూరగాయల వ్యాపారి రాగానే తట్ట దించి ధర చెప్పడు. ముందు సంతంతా ఒకసారి చుట్టివస్తాడు. ఎవరెవరు ఏమేం తెచ్చారు, ఏ తట్ట దగ్గర జనం మూగుతున్నారు, దేని ధర ఎక్కువమంది అడుగుతున్నారు అన్నది చూసుకుంటాడు. ఆ తరువాతే నోరు విప్పుతాడు. సంక్రాంతికి గుమ్మడికాయలు, కార్తీకమాసంలో ఉసిరికాయలు తేవాలని అతడికి ఎవరూ పాఠం చెప్పలేదు. జనం దేన్ని అడుగుతున్నారో కనిపెట్టడం అతడి వృత్తిలో భాగం.

ఈ పనిని ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయి. ఒక సబ్బుల కంపెనీ ఉందనుకోండి. అది తన సబ్బును కొనమని నేరుగా చెప్పకుండా, చర్మం గురించీ, చెమట గురించీ, ఎండాకాలపు జాగ్రత్తల గురించీ వ్యాసాలు రాయిస్తుంది, వీడియోలు తీయిస్తుంది. వాటిని చూడవచ్చినవాళ్ళు మెల్లగా సబ్బు దగ్గరకూ వస్తారని దాని ఆశ. దీనినే కంటెంట్ మార్కెటింగ్ అంటారు. ఈ వారం దేన్ని గురించి రాయిస్తే ఎక్కువమంది చూస్తారో తెలుసుకోవడానికి కంపెనీవాళ్ళు రోజూ కూర్చుని వెతకరు. ఒక ప్రోగ్రాము రాత్రింబగళ్ళు కాపలా కాస్తుంది. జనం ఏ మాటలను వెతుకుతున్నారో లెక్కపెడుతుంది. ఏదైనా మాట ఉన్నట్టుండి పైకి లేస్తే, "ఇదిగో, ఇది పెరుగుతోంది!" అని కబురు పంపుతుంది. ఆ పెరుగుదల పోకడనే ట్రెండ్ అంటున్నారు.

"మాకు సబ్బుల కంపెనీలు లేవుగదా మాస్టారూ, మాకెందుకిది?" అంటారేమో. మీలో కొందరు ఇప్పటికే వీడియోలు తీస్తున్నారు. కొందరు బడిలో గోడపత్రిక నడుపుతున్నారు. మరికొందరు సైన్సు ప్రదర్శనకు ఏ విషయం తీసుకోవాలా అని ఆలోచిస్తున్నారు. దేన్ని గురించి చెప్పాలి అన్న ప్రశ్న మీ అందరికీ ఉంది. దానికి జవాబు యంత్రాన్ని అడగవచ్చునా, అడిగితే ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసం. నా అభిప్రాయం నేను చెబుతాను. నచ్చకపోతే వాదించండి!

మా బడిలో గంట

పోయిన సంవత్సరం మా సైన్సు క్లబ్బులో ఒక పదో తరగతి కుర్రాడు ఉత్సాహంగా వచ్చాడు. వాళ్ళ అన్నయ్య పట్నంలో ఇలాంటి పనే చేస్తున్నాడట. "ఇకనుంచీ గోడపత్రికకు విషయం కోసం మనం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు మాస్టారూ! కంప్యూటరే చెబుతుంది" అన్నాడు. నాకూ సరదా వేసింది. సరేనన్నాను. నలుగురు పిల్లలు వారం రోజులు కూర్చుని దాన్ని తయారుచేశారు. మేం దానికి "గంట" అని పేరు పెట్టుకున్నాం.

గంట ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఇందులో మీ ఏడో తరగతి లెక్కలకు మించిందేమీ లేదు. ముందుగా గ్రహణం, పాము, ఎండదెబ్బ, రాకెట్టు, ఇలా మనకు కావలసిన మాటల జాబితా ఒకటి రాసుకుంటాం. వార్తల శీర్షికల్లో ఆ మాటలు రోజుకెన్నిసార్లు వచ్చాయో కంప్యూటరు ఒకే వేళకు లెక్కపెట్టి పట్టికలో వేస్తుంది. ఒక మాట గత నాలుగు సోమవారాల్లో 38, 42, 40, 40 సార్లు వచ్చిందనుకోండి. సగటు 40. ఈ సోమవారం అదే మాట 120 సార్లు వచ్చింది. అంటే మూడు రెట్లు. వెంటనే గంట మోగుతుంది.

సోమవారాన్ని సోమవారంతోనే ఎందుకు పోల్చాలి? ఆదివారం జనం తీరు వేరు, పనిరోజు తీరు వేరు. ఆదివారం చికెన్ కొట్టు దగ్గరి వరుసను చూసి, ఊళ్ళో ఉన్నట్టుండి కోడికూర ట్రెండు మొదలైందని ఎవరైనా అంటే నవ్వమూ? ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నిన్న ఒక్కసారి వచ్చిన మాట ఇవాళ మూడుసార్లు వస్తే అదీ మూడు రెట్లే! అందుకని, కనీసం 30 సార్లయినా వచ్చి, సగటుకు రెట్టింపయినా ఉంటేనే మోగాలని మా పిల్లలు నియమం పెట్టారు. ఇదంతా వాళ్ళంతట వాళ్ళే ఆలోచించినందుకు నేను చాలా సంతోషించాను. ఆ సంతోషంలోనే ఒక పొరపాటూ చేశాను.

పప్పు ఉడకని ప్రశ్న

మా బడి వరండాలో ఒక ప్రశ్నల పెట్టె ఉంది. ఎవరైనా చీటీ రాసి వెయ్యవచ్చు. ఆ నెలలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఇలా రాసి వేసింది: "మా వీధి బోరు నీళ్ళతో కందిపప్పు ఎందుకు ఉడకడం లేదు? అమ్మమ్మగారి ఊరి నీళ్ళతో అయితే ఉడుకుతోంది."

క్లబ్బు పిల్లలు ఆ చీటీని చూశారు. అలవాటుగా కంప్యూటరునూ అడిగారు. వెతుకులాటల గ్రాఫులు చూపించే చోట ఆ మాటలు కొట్టిచూస్తే, చూపించడానికి చాలినంత సమాచారం లేదని వచ్చింది. అదే వారం చంద్రగ్రహణం గురించి గంట గణగణమని మోగింది. "గ్రహణం వేద్దాం మాస్టారూ, అందరూ చదువుతారు" అన్నారు. నేను తలూపాను. చీటీ నా సొరుగులోకి పోయింది. తరువాతి వారం మరొకటి మోగింది. ఆ పై వారం ఇంకొకటి. మూడు వారాలు గడిచిపోయాయి.

ఒకరోజు ఆ అమ్మాయి మెట్ల దగ్గర కనిపిస్తే, "ఇంకేమైనా ప్రశ్నలు రాశావా అమ్మా?" అని అడిగాను. "లేదండీ. నా ప్రశ్న మంచిది కాదనుకున్నానండీ" అంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రశ్నలడగండి, ప్రశ్నలడగండి అని పిల్లలకు చెబుతూ వస్తున్నవాణ్ణి. ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె ప్రశ్న ఎంత చక్కనిదో చూడండి. పప్పుగింజలోని కణాలను పెక్టిన్ అనే పదార్థం అంటిపెట్టుకుని ఉంచుతుంది. ఉడికేటప్పుడు అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే అవి పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. అటువంటి నీటినే కఠినజలం అంటాం. ఎంతసేపు పొయ్యిమీద ఉంచినా పప్పు బద్దలు బద్దలుగానే మిగులుతుంది. అంటే గ్యాసు ఖర్చు, కాలం ఖర్చు. పాఠ్యపుస్తకంలో కఠినజలం పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పాఠం ఒక ఇంటి వంటింట్లో నుంచి నడిచి వచ్చి నా సొరుగులో కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను!

తరువాత మేము ఆ పని చేశాం. నాలుగు వీధుల బోరు నీళ్ళూ, చెరువు నీళ్ళూ, దాచిపెట్టిన వాననీళ్ళూ తెచ్చాం. సమానంగా సీసాల్లో పోశాం. ఒకే సబ్బు ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ, సీసాను కుదుపుతూ, నురుగు నిలబడడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాం. ఆ అమ్మాయి వీధి నీటికి అన్నిటికంటే ఎక్కువ చుక్కలు పట్టాయి. ఆ పట్టికను గోడపత్రికలో వేసినరోజున పిల్లలతోపాటు వాళ్ళ అమ్మలు కూడా వచ్చి చదివారు. ఆ విషయానికి గంట ఒక్కసారి కూడా మోగలేదని గుర్తుంచుకోండి.

జ్వరాన్ని పట్టబోయిన లెక్క

"మాస్టారు ఒక్క చీటీని పట్టుకుని యంత్రాన్నే తప్పుబడుతున్నారు" అనుకుంటున్నారా? అయితే చాలా పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను.

అమెరికాలో ఏటా చలికాలంలో ఫ్లూ జ్వరాలు వస్తాయి. ఎంతమంది ఫ్లూ లక్షణాలతో డాక్టర్ల దగ్గరకు వస్తున్నారో అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ లెక్కగడుతుంది. డాక్టర్ల నుంచి లెక్కలు రావాలి, కూడాలి, సరిచూడాలి. అందుకు ఒకటి రెండు వారాలు పడుతుంది. గూగుల్ సంస్థలోని పరిశోధకులకు ఒక ఆలోచన వచ్చింది. జ్వరం వచ్చినవాడు డాక్టరు దగ్గరకు వెళ్ళేముందే కంప్యూటర్లో దాన్ని గురించి వెతుకుతాడుకదా! ఆ వెతుకులాటలను లెక్కపెడితే ఒక్కరోజులోనే ఫ్లూ ఎంత ఉందో చెప్పవచ్చునుకదా!

వాళ్ళు ఊరికే అనుకుని ఊరుకోలేదు. జనం ఎక్కువగా వెతికే 5 కోట్ల మాటలను తీసుకుని, సీడీసీ పాత లెక్కలతో పోల్చి, వాటితో బాగా కలిసి నడిచే 45 మాటలను ఎంచారు. 2008 నవంబరులో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 2009 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వ్యాసం అచ్చయింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. నిజంగా మెచ్చుకోదగ్గ ఆలోచనే.

అయితే ఒక చిన్న విషయం గమనించండి. ఫ్లూ లెక్కతో చక్కగా కలిసి నడిచిన మాటల్లో హైస్కూలు బాస్కెట్‌బాల్ కూడా ఉంది! బంతికీ జ్వరానికీ సంబంధమేమిటి? ఏమీ లేదు. ఆ దేశంలో హైస్కూలు బాస్కెట్‌బాల్ పోటీలు చలికాలంలో జరుగుతాయి, ఫ్లూ కూడా చలికాలంలోనే వస్తుంది. అంతే. ఎంచిన 45 మాటల్లో దాన్ని చేర్చలేదు. రెండు గీతలు కలిసి పైకి లేచినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని మీ సైన్సు పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోండి.

తరువాత ఏమైంది? 2009 వసంతకాలంలో స్వైన్‌ఫ్లూ వచ్చింది. అది మామూలు ఫ్లూ వచ్చే కాలం కాదు. జనం వెతికిన తీరూ మామూలుగా లేదు. కొత్త యంత్రం ఆ మొదటి విజృంభణను తక్కువగా అంచనా వేసింది. లెక్కల పద్ధతిని మార్చారు. ఈసారి తప్పు అటువైపు జరిగింది. 2012–13 చలికాలంలో సీడీసీ చెప్పినదానికి రెట్టింపుకు పైగా చూపించింది. 2014లో సైన్స్ పత్రికలో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కతీసి చూస్తే, 2011 ఆగస్టు నుంచి 108 వారాల్లో 100 వారాలు ఎక్కువగానే చెప్పిందని తేలింది. 2015లో గూగుల్ ఆ అంచనాలను ప్రచురించడం మానేసింది.

ఎందుకిలా జరిగింది? ఫ్లూ గురించి వెతికినవాళ్ళందరికీ ఫ్లూ లేదు. వార్తల్లో చూసి భయపడి వెతికినవాళ్ళున్నారు. ఇంకో కారణం మరీ విచిత్రమైనది. మీరు రెండక్షరాలు కొట్టగానే మిగతా మాటలను యంత్రమే సూచిస్తుంది చూశారా? దానితో జనం వెతికే తీరే మారిపోతుంది. తాను నేర్పిన మాటలను తానే లెక్కపెట్టుకుని, జనం అడుగుతున్నారని అనుకోవడమన్నమాట!

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం చివర ఉంది. ఆ శాస్త్రజ్ఞులు ఇంకొకటి కూడా గమనించారు. రెండు మూడు వారాల పాత సీడీసీ లెక్కను ముందుకు పొడిగిస్తే వచ్చే అంచనా, ఈ యంత్రపు అంచనాకన్నా మేలుగా ఉంది. రెండింటినీ కలిపితే ఇంకా మేలుగా ఉంది. అంటే యంత్రం పనికిరానిది కాదు. డాక్టర్లు ఒక్కొక్క రోగినీ చూసి రాసిన లెక్కకు అది తోడుగా ఉండాలి. దానికి బదులుగా కూర్చోకూడదు.

మన దేశంలోనూ ఇటువంటి పద్ధతి ఉంది. భారత ప్రభుత్వం 2004లో వ్యాధులను కనిపెట్టి ఉండే పథకాన్ని ప్రారంభించింది. 2008లో అందులో వార్తలను గాలించే విభాగాన్ని చేర్చారు. ఎక్కడైనా వాంతులు, విరేచనాలు, జ్వరాలు అని వార్త కనిపిస్తే, ఆ కబురు జిల్లాకు పంపి నిజమో కాదో కనుక్కుంటారు. వార్త గంట మాత్రమే. ఊరికి వెళ్ళి చూసేది మనిషే.

వెతకనివాళ్ళ లెక్క ఎక్కడ?

గ్రాఫును చూసేటప్పుడు అది ఏమి చెప్పడం లేదో కూడా చూడాలి. 2006లో మొదలైన గూగుల్ ట్రెండ్స్‌లో ఏ మాట గురించి అడిగినా 0 నుంచి 100 వరకు గీత కనిపిస్తుంది. 100 అంటే వందమంది కాదు, లక్షమంది కాదు. మీరు ఎంచుకున్న ప్రాంతంలో, ఎంచుకున్న కాలంలో, మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్న క్షణాన్ని 100 అంటారు. మిగతావన్నీ దానితో పోల్చి వేసినవే. ఏ సెక్షనుకా సెక్షనులో మొదటివాడికి 100 వేసి, మిగతావాళ్ళను అతడితో పోల్చి మార్కులు వేస్తే ఎలా ఉంటుంది? ఒక సెక్షనులో 100, ఇంకో సెక్షనులో 100 ఒకటే అవుతాయా? కావుకదా. అలాగే 0 అంటే ఎవరూ అడగలేదని కాదు. అడిగినవాళ్ళు బాగా తక్కువమంది అని మాత్రమే.

మన తెలుగువాళ్ళ సంగతి ఇంకా చిక్కు. ఒకరు జ్వరం అని తెలుగు లిపిలో రాసి వెతుకుతారు. ఇంకొకరు అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, తమకు తోచిన స్పెల్లింగుతో రాస్తారు. మరొకరు ఫీవర్ అంటారు. ఒక్కొక్క మాటను విడివిడిగా లెక్కపెడితే ఒకే జ్వరం నాలుగు ముక్కలై, ఏ ముక్కా గంట మోగించలేక పోవచ్చు. ఇక పక్కింటి పిన్నిగారిని అడిగేవాళ్ళు, ఆర్ఎంపీ డాక్టరును అడిగేవాళ్ళు, ఎవరినీ అడగకుండా పడుకునేవాళ్ళు అసలు లెక్కలోకే రారు.

ఇంకొక మాట. గంట మోగగానే అందరూ ఒకే విషయం మీద రాస్తారు. రాసింది కనిపిస్తుంది కనుక జనం మరింత వెతుకుతారు. వెతికారు కనుక గంట ఇంకా గట్టిగా మోగుతుంది. ఊళ్ళో ఒక కుక్క మొరిగితే మిగతావన్నీ అందుకుంటాయి చూడండి, అలాగ! మొదటి కుక్క దేన్ని చూసి మొరిగిందో తెల్లవారేసరికి ఎవరికీ గుర్తుండదు.

మరి ఏం చెయ్యాలి?

గంటను పగలగొట్టమని నేను అనడం లేదు. చదివేవాళ్ళకు ఏది కావాలో తెలుసుకోవడం వాళ్ళను గౌరవించడమే. వడగాలులు మొదలైన వారంలో ఎండదెబ్బ గురించి రాయకుండా ధ్రువపు ఎలుగుబంట్ల గురించి రాస్తే ఎవరికి ఉపయోగం? సబ్బుల కంపెనీకి అమ్మకం ముఖ్యం కాబట్టి అది గుంపు ఉన్నచోటికి పోతుంది. దాన్ని తప్పుపట్టలేం. సైన్సు క్లబ్బుకు ఆ అవసరం లేదు. ఒక్కరే అడిగినా, అడిగింది తెలుసుకోదగినదైతే దాని వెంట పోవడానికి మనకు స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛను ఊరికే ఒక యంత్రానికి అప్పగించడం నాకు ఇష్టం లేదు.

మా క్లబ్బులో ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాం. గంట మోగితే, ఎందుకు మోగిందో ఇద్దరు పిల్లలు అసలు వార్తలు చదివి ఒక వాక్యం రాయాలి. అది రాయలేకపోతే ఆ విషయం వెయ్యం. గోడపత్రికలో నాలుగు అంశాలుంటే గంట చెప్పినవి రెండుకు మించకూడదు. కనీసం ఒకటి ప్రశ్నల పెట్టె నుంచి రావాలి. పెట్టెలో వేసిన ప్రతి చీటీకీ వారంలోగా జవాబు చెప్పాలి. తెలియకపోతే తెలియదనైనా చెప్పాలి. ఈ చివరి నియమం నాకోసం పెట్టింది.

మీరు కూడా ఒక నెలరోజులు ఒక పని చెయ్యండి. నోటుపుస్తకంలో పేజీ మధ్యగా గీత గీయండి. ఎడమవైపు ఆ రోజు ఫోనులోనో టీవీలోనో అందరూ మాట్లాడుకుంటున్న విషయం రాయండి. కుడివైపు మీ ఇంట్లోనో, పొలంలోనో, బస్సులోనో, కుళాయి దగ్గరో ఎవరైనా మీకు వినబడేలా అడిగిన ప్రశ్న ఒకటి రాయండి. "ఈ ఏడు మామిడి పూత ఎందుకు రాలిపోయింది?" "ఈ బల్బు ఊరికే ఎందుకు మాడిపోతోంది?" ఏదైనా సరే. నెల తిరిగాక రెండు వైపులా చదివి చూడండి. ఎన్ని రెండు వైపులా ఉన్నాయో లెక్కపెట్టండి. తరువాత కుడివైపు నుంచి ఒక ప్రశ్న ఎంచుకుని, దానికి ఒక ప్రయోగం చెయ్యగలమా అని మీ సైన్సు టీచరును అడగండి.

అన్నట్టు, ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. పప్పులో చిటికెడు వంటసోడా వేస్తే ఎందుకు తొందరగా ఉడుకుతుంది, ఎక్కువైతే రుచి ఎందుకు చెడుతుంది అని మొన్న ఇంకో చీటీ వేసింది. ఈసారి దాన్ని సొరుగులో పెట్టలేదు. రేపటి క్లబ్బు సమావేశానికి అందరినీ పప్పు తెచ్చుకోమన్నాను.